బాలింత దిగులు

రెండో కాన్పప్పుడు మేం గల్ఫ్‌లో, అల్ వుకైర్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నన్ను చూసుకోవడానికి అత్తగారు కాకినాడ నుంచి విజిట్ వీసా మీద వచ్చారు. సంచినిండా వెల్లుల్లి కారం, శొంఠిపొడి తెచ్చారు. రెండు పూటలా వేడన్నం, నెయ్యి, కారప్పొడి, పక్కన కాస్త బీరకాయ కూర. పప్పు వాయువట, పెరుగు చలవట, నేను గుడ్డు తింటే పిల్లకు అరగదట. ఆవిడ ప్రేమంతా ఆ పత్యంలోనే ఉందని తెలిసి నేను ఎదురు చెప్పలేదు.

కానీ ఊరికే ఏడుపొచ్చేది. పాలిస్తూ ఏడ్చేదాన్ని, బట్టలు మడతపెడుతూ ఏడ్చేదాన్ని. పిల్ల పడుకున్నా నాకు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఎత్తుకోబుద్ధి కాక గోడవైపు తిరిగి కూర్చున్నాను. అది చూసి మావారు భయపడి, ఆఫీసుకు సెలవు పెట్టి క్లినిక్‌కి తీసుకెళ్ళారు. అత్తగారూ వచ్చారు.

డాక్టరమ్మది హైదరాబాద్. ఏం తింటున్నానని అడిగితే అత్తగారే గర్వంగా చెప్పారు. డాక్టరమ్మ కోప్పడలేదు.

“అమ్మా, మనసును నిలకడగా ఉంచే రసాయనాలు కొన్ని మెదడులో తయారవుతాయి. వాటికి ముడిసరుకు అమైనో ఆమ్లాలు. పప్పు, పాలు, గుడ్డు, చేప లాంటి మాంసకృత్తులున్న తిండి నుంచి అవి అందుతాయి. ఈమె పాలిస్తోంది, కంచంలో చూస్తే అవి బాగా తక్కువ. తిండి ఒక్కటే కారణమనను. కాన్పు తర్వాత ఈ దిగులు చాలామందికి వస్తుంది, దానికి వైద్యం ఉంది. తిండి కూడా మార్చండి.”

ఇంటికొచ్చాక అత్తగారు నా పక్కన కూర్చుని, “నా చేత్తో నేనే నిన్ను ఏడిపించానా అమ్మాయ్?” అన్నారు.

“అదేం మాట అత్తయ్యా!”

“మీ ఆయన పుట్టినప్పుడు నేనూ ఇలాగే ఏడ్చేదాన్నే. దిష్టి తగిలిందని ఎర్రనీళ్ళు తీశారు. ఎందుకేడుస్తున్నావని ఒక్కరూ అడగలేదు.”

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకదే మొదటిసారి. చెయ్యి పట్టుకున్నాను.

ఆ పూటే కందిపప్పు వండారు, అరగదేమోనన్న భయంతో ఇంగువ రెండింతలు వేసి. తర్వాత పెరుగు, గుడ్డు, చేప ఒక్కొక్కటే కంచంలోకి వచ్చాయి. మందులు వాడాను, కౌన్సెలింగ్‌కి వెళ్ళాను. దిగులు ఒక్కసారిగా పోలేదు. ముందు నిద్ర పట్టింది, ఆ తర్వాత మెల్లగా ఆకలి తెలిసింది.

ఒక ఉదయం స్నానం చేయించి పౌడరు రాస్తుంటే పిల్ల బోసినవ్వు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ అలికిడికి అత్తగారు వంటింట్లోంచి తొంగిచూశారు. స్టవ్ కట్టేసి వచ్చి మా దగ్గర కూర్చున్నారు.