హేరోదు వేషం కట్టిన మార్తమ్మ టీచరు

మార్తమ్మ టీచరు ఇక లేరన్న వార్త నాకు మొట్టమొదట తెచ్చినవాడు లింగన్న. జగిత్యాల మనిషి, ఇక్కడ ఖతార్‌లోని మెసయీద్‌లో కంపెనీ బస్సు నడుపుతాడు. తలుపు తీసేసరికి చొక్కా నిండా రక్తంతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అక్కా, టీచరమ్మ పోయింది. కారును ట్రైలర్ గుద్దింది. డోరు రాలే, రేకు వంచి నేనే బయటికి గుంజిన. నా చేతులల్లనే పానం పోయింది. వాళ్ళింటి సారు డ్యూటీల ఉన్నడు, ఆయనకు మీరే చెప్పాలె" అన్నాడు. నేను అతని చేతుల వంకే చూస్తూ నిలబడిపోయాను. ఒకనాడు ఆమె తల పగలగొట్టిన చేతులు అవే.

రాజోలు దగ్గర పుట్టి, భర్త ఉద్యోగరీత్యా ఖతార్ వచ్చి, దోహాలో మన దేశపు పిల్లలు చదివే బడిలో ఆమె చిరకాలం తెలుగు బోధించారు. నేను బడి ముఖం చూసినదాన్ని కాను. మా నాన్న వాకిట్లో కూర్చోబెట్టి బైబిలు వాక్యం చదివిస్తూ నేర్పిన అక్షరాలే నా విద్య. అటువంటి నన్ను "మా దర్జీ గారు" అని అందరి ఎదుటా గౌరవించి, బడి క్రిస్మస్ నాటకానికి దుస్తులు కుట్టే భాగ్యం కలిగించిన ఆ మహనీయురాలికి జీవితాంతం కృతజ్ఞురాలిని.

ఆ నాటకంలో పశువుల పాక, గొల్లలు, జ్ఞానులతో పాటు హేరోదు రాజు కూడా ఉండేవాడు. బాలయేసును మట్టుపెట్టాలని బేత్లెహేము పసికందులను నరికించిన ఆ క్రూరుడి వేషం టీచరు గారే కట్టేవారు. సైనికుల పాత్రలు లేవు, ఏ పిల్లవాడి చేతికీ కత్తి ఇచ్చేవారు కారు. "చంపే పని అభినయంలో కూడా పిల్లలకొద్దమ్మా. ఆ పాపమేదో నా నెత్తినే ఉండనీ" అనేవారు. అంత మృదుభాషిణి మీసం అంటించుకుని గర్జిస్తే ముందు వరుసలో పిల్లలు కుర్చీల కిందికి దూరేవారు. తల్లుల వేషం వేసిన ఆడపిల్లల ఒడిలోంచి గుడ్డబొమ్మలు లాక్కుని, నేలకేసి కొట్టి, అట్టకత్తితో పొడిచి చీల్చేవారు. ఎర్రటి పేలికలు వేదికంతా చిందేవి. ఆ బొమ్మల కడుపుల్లో ఎర్రగుడ్డ కూరి కుట్టింది నేనే.

ఒక ఏడు తల్లిదండ్రుల సమావేశంలో ప్రిన్సిపాల్ గారు, "మేడమ్, ఈసారి శీతాకాల వేడుక అందాం. క్రిస్మస్ తాత, మంచు, కేకు చాలు. పాక వద్దు, ఆ నరుకుడు అసలే వద్దు" అన్నారు. లింగన్న లేచాడు. "గీ నరుకుడు పండుగేంది మేడమ్? మా పొల్లను మీ మతంల కలుపుతరా ఏంది?"

"కలిపితే మీ ఆవిడ నన్ను బతకనిస్తుందా లింగన్న గారూ?" అని నవ్వించి, ఆమె ప్రిన్సిపాల్ వైపు తిరిగారు. "దీపావళిని దీపావళి అంటున్నాం, ఈద్‌ని ఈద్ అంటున్నాం సార్. వాటిలో దేన్నీ తగ్గించమని నేనడగను. దీన్నొక్కదాన్ని దాని పేరుతో పిలవడానికి జంకెందుకు? పైగా మంచంటారు! ఇసుకుంది, ఒంటెలున్నాయి. బేత్లెహేముకి ఇంత దగ్గరుండి దూది అంటించుకుందామా? తాతగారు మిఠాయి పంచుతారు సరే, ఆ పసివాణ్ణి ఎత్తుకుని తల్లి ఎందుకు పారిపోయిందో ఎవరు చెబుతారు?"

ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. కానీ ఏ గొడవ జరిగినా ఆ నాటకం ఇక ఉండదన్నారు.

గొడవ జరిగింది. లింగన్న కూతురు శ్రావ్య తల్లి దగ్గర అనుమతి పుచ్చుకుని నాటకంలో చేరింది. తండ్రికి తెలియదు. అతను డ్యూటీ నుంచి తిన్నగా, ఆలస్యంగా, సరిగ్గా ఆ ఘట్టంలో హాల్లో అడుగుపెట్టాడు. మీసాలవాడెవడో తన బిడ్డ చేతుల్లోంచి పసిపిల్లను లాగుతున్నాడు, బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది. "నా బిడ్డ మీద చెయ్యేస్తవ్‌రా? పానం తీస్త!" అంటూ వేదిక మీదికి ఉరికి, నక్షత్రం కట్టిన కర్ర పీకి నెత్తిన బలంగా మోదాడు. కిరీటం ఎగిరిపోయింది. జుట్టు విడిపోయింది. రక్తం కళ్ళలోకి కారి, అంటించిన మీసం తడిసి ఊడి పడింది. అప్పుడు కానీ అతనికి ఆడమనిషని తెలియలేదు.

పోలీసు కేసయితే జైలు, ఆపైన దేశ బహిష్కరణ, ఆ కుటుంబం వీధిన పడుతుంది. ఫోన్లు తీసినవారిని ఆమె ఒక చెయ్యి నెత్తిన అదిమిపెట్టుకుని వారించారు. "ఎవరూ ఎవరికీ చెయ్యొద్దు. పాట ఎత్తుకోండి పిల్లలూ!" పాట పూర్తయ్యాకే కూలబడ్డారు. ఆసుపత్రిలో అడిగితే, "నాటకంలో తగిలింది" అన్నారు. అందులో అబద్ధమేముంది?

మర్నాడు భార్యను వెంటబెట్టుకుని వచ్చి కాళ్ళ మీద పడిన లింగన్నతో ఆమె అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "లేవండి బాబూ. బొమ్మ కోసమే ఇలా కొట్టారే, నిజం బిడ్డల్ని లాక్కుంటే ఆ తండ్రులు ఎంత కొట్టుకుని ఉంటారు! ఆ హాల్లో నాటకం అర్థమైంది మీకొక్కరికేనండీ."

అతనే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాడు. "లొల్లి చేసింది నేను సార్. నన్ను తిట్టుండ్రి. ఆట బంద్ పెడితే నా బిడ్డ నాతోని మాట్లాడది" అని బతిమాలాడు. నాటకం ఆగలేదు. నాటి నుంచి పొద్దున్నే దారిలో ఆమె కారు కనబడితే అతని బస్సు హారన్ కొట్టి పలకరించేది. ఆఖరి ఉదయం కూడా కొట్టిందట.

ఆమె పార్థివదేహం రాజోలు చేరింది. బడిలో మళ్ళీ పాత మాటే వచ్చింది. "ఆవిడే లేరు. ఈ ఏడు కేకు, పాటలు చాలు. హేరోదు ఎవరు కడతారు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. మా చర్చి సంఘపు మగవాళ్ళందరూ తలలు వంచుకున్నారు. వెనక నుంచి లింగన్న లేచాడు.

"నేను కడత."

"నువ్వా?"

"బిడ్డను గుంజుకుంటే ఎట్లుంటదో నాకెరుకే గద సార్."

నిన్న కొలతలకు వచ్చాడు. ఆమె అంగీ భుజాల దగ్గర విప్పి వెడల్పు చేస్తున్నాను. మెడ పట్టీ మీద పాత రక్తపు మరక ఉతికినా పోలేదు. బొమ్మను చేతికిస్తే అతని చేతులు వణికాయి. "అక్కా, మల్ల శ్రావ్యనే తల్లి. దాని చేతులకెల్లి గుంజుడు నాతోనైతదా?"

"టీచరు గారికీ ఏటా వణికేవి తమ్ముడూ. నడికట్టు కట్టేదాన్ని, నాకు తెలుసు" అన్నాను.

ఆ గర్జన మళ్ళీ వినం. ఆమె వదిలి వెళ్ళిన చోటు ఎవరితోనూ నిండదు. అయినా ఆమెను మనకిచ్చి, ఇన్నాళ్ళు ఉంచిన ప్రభువుకు స్తోత్రం. ఆమె ఆయన సన్నిధిలో క్షేమంగా ఉన్నారు, మన ప్రార్థన ఆమెకు అక్కరలేదు. అక్కరున్నది ఒక్క మనిషికి. నాటకం నాటి సాయంత్రం తెర లేచే వేళ, మీరెక్కడున్నా సరే, కన్నకూతురి ఒడిలో బొమ్మ మీదికి చెయ్యి చాచబోయే లింగన్నను ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి.