నీళ్లు తాగని కండక్టరమ్మ

మా కండక్టరమ్మకు ముక్కుమీద కోపం. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లు ఆవిడ చూపుకే లోపలికి జరుగుతారు. ఆ బస్సు నడిపేది నేను. నా కోపం అంతకు రెండింతలని మా ఆవిడ అంటుంది కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది. నన్ను అన్నయ్యా అంటుంది. నీళ్లు నమలడం ఆవిడకు తెలియదు, ఏదైనా మొహం మీదే అనేస్తుంది. నీళ్లు తాగడం కూడా తెలియదు.

డ్యూటీకి బయల్దేరేముందు ఒక్క గుక్క, ఇంటికి చేరాక మిగతాది. మా రూటుకు రెండు చివర్లా మగవాళ్లకు గోడ ఉంది, ఆడవాళ్లకు ఏమీ లేదు. నిండుగా జనం ఉన్న బస్సును తన కోసం ఆపమనడానికి ఆవిడకు సిగ్గు. పోనుపోను ఆ సిగ్గే గొప్పయి కూర్చుంది. ఎండలు మండిపోతున్నా "నేనుండగలను" అనేది. డిపోలో ఒంటె అని పేరు పెట్టారు. కోప్పడుతుందనుకుంటే, ఇంటికెళ్లి కూతురికి చెప్పి మరీ నవ్వుకుంది.

కూతురు చిట్టి, రెండో తరగతి. తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? బడిలో బాత్రూం తలుపుకు గడియ ఊడిపోయింది. అందుకని చిట్టి కూడా "ఉండడం" మొదలుపెట్టింది. సీసా నింపింది నింపినట్టే ఇంటికి తిరిగి వచ్చేది.

"చూశావా అన్నయ్యా, అచ్చం నా పోలికే" అని కండక్టరమ్మ నా దగ్గర మురిసిపోయింది.

తర్వాత పిల్లకు నడుము పక్కన నొప్పి మొదలైంది. లెక్కల హోంవర్కు ఎగ్గొట్టడానికి వేషాలనుకుంది తల్లి. ఒక ఉదయం మూత్రం ఎర్రగా కనబడేసరికి నాకు ఫోన్ చేసింది. వాళ్లాయన రొట్టెల బట్టీలో పనికి వెళ్లిపోయాడు, అందుకని ఆసుపత్రికి తోడుగా నేను వెళ్లాను. స్కాన్ తీశారు. కుడి కిడ్నీలో శనగగింజంత రాయి.

"చిన్నపిల్లలకి రాళ్లేంటండీ? పెద్దాళ్లకి కదా వచ్చేది?" అని కండక్టరమ్మ డాక్టరమ్మతోనే తగవుకు దిగింది.

డాక్టరమ్మ విసుక్కోలేదు. "పిల్లలకీ వస్తాయమ్మా. కొందరికి ఒంటి తీరే అంత. నీళ్లు తక్కువ తాగితే ఇంకా తొందరగా వస్తాయి."

"కోస్తారా?"

"కత్తి పెట్టం. పాపకి మత్తిచ్చి, బయటి నుంచే మెషీన్‌తో రాయి మీదికి దెబ్బలు పంపిస్తాం. రాయి పొడి అయిపోతుంది. ఆ పొడిని బయటికి తోసే పని మాత్రం నీళ్లది. పాప తాగకపోతే ముక్క దారిలో ఇరుక్కోవచ్చు. అప్పుడు మళ్లీ మత్తిచ్చి, మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి గొట్టం పంపి తియ్యాల్సొస్తుంది."

మెషీన్ పెట్టిన రోజు మేము ఆ గది తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాం. లోపల్నుంచి ఎవరో వేలి కణుపుతో బల్ల మీద కొడుతున్నట్టు టక్ టక్ మని చప్పుడు. ప్రతి దెబ్బకూ ఆవిడ బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. పిల్లను తెచ్చాక చూస్తే కోతా లేదు, కుట్టూ లేదు, వీపు మీద కాస్త ఎర్రదనం, అంతే. ఏడుపొచ్చింది. ఆవిడకు కాదు, నాకు.

అసలు గొడవ ఇంటికి వచ్చాక. మూత్రానికి వెళ్తే మంట. మంటకు భయపడి చిట్టి నీళ్లు మానేసింది. తల్లి బుజ్జగించింది, కథలు చెప్పింది, గొట్టం పెడతారని బెదిరించింది.

"నువ్వు మాత్రం తాగవుగా అమ్మా?" అంది పిల్ల. "నువ్వుంటావుగా. నేనూ ఉంటా."

"నేనుండేది చేతనై కాదే తల్లీ, గతిలేక!"

పిల్ల నమ్మలేదు. అన్నాళ్లూ గొప్పలు విన్నది ఒక్క మాటకు ఎలా నమ్ముతుంది?

రెండ్రోజుల్లో మళ్లీ స్కాన్. పగలు ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేరు. బయట తిప్పినా ఫర్వాలేదని డాక్టరమ్మ చెప్పడంతో పిల్లను బస్సుకే తీసుకొచ్చింది. "మన రోడ్డు గతుకులకి రాయే దండం పెట్టి దిగిపోతుందిలే" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

చిట్టి నా వెనక సీట్లో కూర్చుంది, మూత తియ్యని సీసా ఒళ్లో పెట్టుకుని. అప్పుడు కండక్టరమ్మ తన సంచిలోంచి ఇంకో సీసా తీసి, పిల్ల ఎదురుగా నిలబడి గుటగుటా తాగింది. పిల్ల వింతగా చూసి, తనూ ఒక గుక్క వేసింది. తల్లి మళ్లీ తాగింది. పిల్లా తాగింది. అలా స్టాపు స్టాపుకూ సాగింది.

సగం దారి దాటేసరికి బస్సు కిటకిటలాడుతోంది. అద్దంలో చూస్తే కండక్టరమ్మ కడ్డీకి ఆనుకుని పెదవి కొరుక్కుంటోంది. చివరిదాకా ఆవిడ ఉండగలదు, ఆ సంగతి నాకు తెలుసు. చిట్టి కూడా తల్లినే చూస్తోంది. విజిల్ మోగింది.

"అన్నయ్యా, పెట్రోలు బంకు దగ్గర ఆపు."

"ఏంటమ్మా, టైరు పోయిందా?" అన్నాడు ముందు సీట్లో పెద్దమనిషి.

అవునంటే సరిపోయేది. ఆవిడ కూతురి వైపు చూసింది. చెవులదాకా ఎర్రబడిపోయింది. "టైరు బాగానే ఉంది బాబూ. నేను ఒంటికి వెళ్లాలి. నేనూ, నా కూతురూ."

పెద్దమనిషి పేపర్లో తల దూర్చాడు. వెనక నుంచి కూరగాయల సంచితో ఒక పెద్దావిడ లేచింది. "ఆగమ్మా, నేనూ వస్తున్నా." ఆమె వెనక ఒక కాలేజీ అమ్మాయి. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. చూస్తుండగానే ఆడవాళ్ల సీట్లన్నీ ఖాళీ అయ్యాయి. ఇంతమందిని ఇలా బిగబట్టించి తిప్పుతున్నానా అని నాకు సిగ్గేసింది.

బంకు బాత్రూం నుంచి తిరిగొచ్చేటప్పుడు చిట్టి పరుగెత్తుకొచ్చింది. చేతిలో టీ వడకట్టే జల్లెడ. రాయి పొడి పడితే పట్టి చూడమని డాక్టరమ్మ చెప్పిందట. అందులో గళ్లుప్పు నలిపినట్టు నాలుగు గోధుమరంగు పలుకులు.

"మామయ్యా, వచ్చేశాయి!" అంటూ నా ముక్కు దగ్గర పెట్టింది. కనబడుతోంది తల్లీ, కాస్త దూరం పెట్టు అన్నాను.

కండక్టరమ్మ బస్సు మెట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు. చిట్టి దగ్గరికెళ్లి తల్లి ఖాళీ చేతుల్ని పరీక్షగా చూసింది.

"మరి నీవి రాలేదా అమ్మా?"

"నావేంటే?"

"నీ రాళ్లు. నాకంటే ఎక్కువ రోజుల్నుంచి తాగట్లేదుగా నువ్వు."

చిట్టి తన సీసా మూత తీసి తల్లి నోటి దగ్గర పెట్టింది. చివరి గుక్క దాకా తాగించేవరకూ నన్ను బస్సు కదపనివ్వలేదు.