తీసెయ్యనా అని అడగని మెషిన్

మొన్న సోమవారం ఒక్క ఎంటర్ నొక్కి ఆఫీసులో ఎంత పేరు తెచ్చుకున్నానో చెప్తాను, టీ తాగుతూ వినండి.

మాదాపూర్‌లో మా కంపెనీ చిన్నది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పు చూపిస్తాయని భయపడే క్లయింట్లకి పాత ప్రోగ్రాములు సరిచేసి ఇస్తాం. నేను కాకినాడ నుంచి వచ్చి ఆరు నెలలైంది. మా యూనిక్స్ మెషిన్‌లో ఫైల్ తీసెయ్యాలంటే ఆర్ఎమ్ అని కొట్టాలి. అది ఒక్కో ఫైల్ పేరు చూపించి, తీసెయ్యనా అని అడుగుతుంది. వై అంటే తీసేస్తుంది, ఎన్ అంటే వదిలేస్తుంది. అందుకని నేనొక సుఖమైన పద్ధతి కనిపెట్టాను. ఆర్ఎమ్ స్టార్ కొట్టి అన్నీ తీసెయ్యమనడం, అది అడిగినప్పుడు కావలసినవాటికి ఎన్ కొట్టడం.

సోమవారం నాలుగింటికి క్లయింట్‌కి డెమో. దానికోసం కొత్త మెషిన్ తెచ్చారు. పాతదాంట్లో చోటు లేదని ప్రోగ్రాములన్నీ ఇందులోకి మార్చి, అక్కడివి తీసేశాం. పొద్దున్నే అక్కర్లేని ఫైళ్లు ఏరేద్దామని కూర్చుని ఆర్ఎమ్ స్టార్ కొట్టాను. ఏమీ అడగలేదు. కర్సర్ కింది లైన్లోకి వచ్చి నిలబడింది. కొత్త మెషిన్ కదా, ఎంత ఫాస్టుగా ఉందో అనుకున్నాను. లిస్ట్ చూస్తే ఖాళీ.

సిస్టమ్స్ చూసే యాదగిరి గారి దగ్గరికి పరుగెత్తాను. నల్గొండ మనిషి, ఏం జరిగినా గొంతు పెంచరు.

"సార్, మెషిన్ అడగలేదండి."

"ఏం అడగలే?"

"తీసెయ్యనా అని."

ఆయన కుర్చీ నా వైపు తిప్పారు. "అది దానంతటది అడగదమ్మా. కొట్టెటోనికి ఏం కొడుతున్నడో తెలుసని అనుకున్నరు, దాన్ని చేసినోళ్లు. అడిగే ఆప్షన్ తర్వాత కలిపిండ్రు. మీ అసొంటోళ్ల కోసం పాతదాంట్ల అది నేను పెట్టిన. కొత్తదాంట్ల ఇంకా పెట్టలే."

"రీసైకిల్ బిన్‌లో ఉంటాయేమోనండి..."

"గా బిన్ విండోస్‌ల ఉంటది. దీంట్ల పోతే పోయినట్టే. జర ఆగు, పరేషాన్ గాకు. శుక్రవారం కాపీ తీసిన బ్యాకప్ టేప్ ఉంది."

టేప్‌లోవి ఎక్కించారు గానీ, శుక్రవారం వరకే ఉన్నాయి. శనివారం పనంతా మా టీమ్‌లో శైలజది. సెలవని కూడా చూడకుండా మియాపూర్ నుంచి వచ్చి చేసింది. ఆమె సీటు దాకా నడిచి, సంగతి చెప్పేసి, తిట్టు కోసం ఎదురుచూశాను. శైలజ బ్యాగులోంచి కాగితాల కట్ట తీసింది.

"తప్పులు చూద్దామని ఇంటికి ప్రింట్ తీస్కపోయిన. నేను చదువుత, నువ్వు కొట్టు. చెప్పింది తప్ప వేరే ఏం కొట్టకు."

భోజనం మానేసి కొట్టాం. మూడున్నరకి ప్రోగ్రాం నడిచింది. డెమో కూడా బాగానే జరిగింది. క్లయింట్‌కి ఏమీ తెలియలేదు.

మేనేజర్‌కి మాత్రం తెలిసింది. నిన్న పిలిచి, కొత్తగా చేరేవాళ్లకి ఫైళ్లు తీసెయ్యడం మీద క్లాస్ నన్నే తీసుకోమన్నారు. నాకంటే సీనియర్లున్నారు కదండీ అన్నాను.

"ఉన్నారు. కానీ ఈ సబ్జెక్టులో నీకున్నంత అనుభవం వాళ్లెవరికీ లేదు" అన్నారు.

కాదనడానికి ఏముంది, ఒప్పుకున్నాను.