కొరియా మృగానికి నేను చెప్పిన అర్థం

కాలేజీలో చదివే ఆ రోజుల్లో నాకు ఏదీ ఉన్నదున్నట్టుగా కనిపించేది కాదు. రాయపూర్ గుఢియారీ పేటలో మా వీధికి అడ్డంగా ఆవు పడుకుంటే అది ఆవు కాదు, వ్యవస్థ. అమ్మ చారులో ఉప్పు మరిచిపోతే అది మరుపు కాదు, నిరసన. (అమ్మనే అడిగితే, "ఉప్పు డబ్బా నీ పక్కనే ఉంది, ఏసుకో" అంది.) ప్రతి సినిమా వెనకా ఇంకో సినిమా దాగి ఉంటుందని మా లెక్చరరు ఒకసారి అన్నాడు. ఆయన కూడా నమ్మనంత గట్టిగా నేనా మాటను నమ్మాను.

రాయపూర్‌లో మా తెలుగు సంఘం హాల్లో నెలకో ఆదివారం టీవీ పెట్టి సినిమా వేసేవారు. సినిమా తెచ్చే బాధ్యత ఒక్కో నెల ఒక్కో కుటుంబానిది. మా వంతు వచ్చినప్పుడు నేను పట్టుబట్టి ఒక కొరియా సినిమా డీవీడీ తెచ్చాను. ఫ్యాక్టరీ వెనక బూడిద చెరువులోంచి ఒక మృగం లేచి ఊళ్ళో పిల్లల్ని ఎత్తుకుపోతుంటుంది. అధికారులు మాత్రం అలాంటిదేమీ లేదని సంతకాలు పెడుతుంటారు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు మా పెద్దవాళ్ళు చదవలేరు కనుక, టీవీ పక్కన నిలబడి మైకులో తెలుగు చెప్పే పని నాదే. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ నెల ముఖ్య అతిథిగా నాన్న పనిచేసే ఇనుము ఫ్యాక్టరీ మేనేజరుగారు వచ్చారు. ఊరి బయట ధర్సీవా వైపున్న ఆ ఫ్యాక్టరీలో నాన్న పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద కొలిమి దగ్గర పనిచేస్తున్నాడు. పర్మినెంటు చేసేవాళ్ళ లిస్టు ఆ వారమే తేలాలి. "సినిమాలో ఉన్నదే చెప్పు తల్లీ, నీ కాలేజీ సంగతులొద్దు" అని నాన్న దారిలో రెండుసార్లు చెప్పాడు. సరేనన్నాను.

మృగం బయటికి రాగానే మొదటి వరసలో కూర్చున్న మా మేనత్త అడిగింది, "అదేటే, కప్పా, మొసలా?"

"కప్పా కాదు, మొసలీ కాదత్తా. అది లాభాపేక్ష."

"మరి దానికి తోకెందుకే?"

హాలంతా నవ్వింది. నాకు పౌరుషం వచ్చింది. తెర మీద ఒక అధికారి గాలి శుభ్రంగానే ఉందని చెబుతుంటే, నేను మైకు దగ్గరగా పెట్టుకుని, "ఈయన్ని మీరందరూ ఎరుగుదురు. మన డాబాల మీద ఆరేసిన బట్టలు నల్లబడుతున్నాయని అడగడానికి వెళితే, అది మీ పొయ్యిల మసి అన్నది ఇలాంటివాళ్ళే" అన్నాను. (అన్నది ఆ మేనేజరుగారే. వెళ్ళి అడిగినవాళ్ళలో మా అత్త కూడా ఉంది.) వెనక వరసలో నాన్న లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి నా వైపు చూశాడు. చదువుకున్న కూతురికి దణ్ణం పెట్టిన ఆ మనిషిని చూసి కూడా నేను ఆగలేదు. ఆ మృగాన్ని ఎవరు పెంచారో, ఎవరి పిల్లల్ని తింటుందో చివరిదాకా చెప్పాను.

సినిమా అయ్యాక అమ్మ నా పక్కకొచ్చి, "బస్, అయిపోనాది. మీ నాన్న పదకొండేళ్ళ కష్టం మైకులో పోనాది" అని మెల్లగా అంది. అప్పుడు మేనేజరుగారు లేచారు. ఆయన చిరునవ్వుతో నా చేతిలోంచి మైకు తీసుకుని, "పాప ఎంత చక్కగా చెప్పిందండీ. కొరియాలో ఇంత అన్యాయం జరుగుతోందా. మనం అదృష్టవంతులం" అన్నారు. సంఘంవాళ్ళు తనకు కప్పిన శాలువా తీసి నాకు కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వంగి నమస్కారం పెట్టాను.

శుక్రవారం లిస్టులో నాన్న పేరు వచ్చింది. ఇంట్లో పోహా, జిలేబీ. నేను జిలేబీ తింటూ, "నాన్నా, సారుకి నేనన్నది అర్థం కాలేదు కదూ" అన్నాను, బతికిపోయామన్న సంతోషంతో.

"అర్థమయింది తల్లీ. అర్థమైనా ఏటీ అవదని ఆయనకి తెలుసు" అన్నాడు నాన్న, రెండో జిలేబీ నా ప్లేటులో వేస్తూ.

పర్మినెంటు అయినందువల్ల నాన్న ఆ కొలిమి దగ్గరే ఇంకో పద్నాలుగేళ్ళు ఉండగలిగాడు. ఇప్పుడు రెండు మెట్లెక్కి, ఊపిరందక మూడో మెట్టు మీద కూర్చుంటాడు. చలికాలం రాగానే నా నాలుగేళ్ళ కూతురి ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. తలుపులూ కిటికీలూ మూసి ఉంచమని డాక్టరుగారు చెప్పారు. బయట ఏముందని అది అడిగితే దుమ్ము అంటాను. అంతకు మించి దానికి నా దగ్గర అర్థమేమీ లేదు. ఎవర్నీ అడగడానికి ఆ ఫ్యాక్టరీకి వెళ్ళలేదు, వెళతానన్న ఆశా లేదు. పిల్ల ఊపిరి వింటూ మెలకువగా ఉన్నప్పుడు మాత్రం, మైకు పట్టుకున్న ఆ అమ్మాయి గుర్తొస్తుంది. నిజం చెబితే పెద్దవాళ్ళకు కోపం వస్తుందని ఎంత గట్టిగా నమ్మిందో, పిచ్చిది. నవ్వొస్తుంది. పిల్ల లేస్తుందేమోనని ఆ నవ్వు కూడా చప్పుడు కాకుండా నవ్వుకుంటాను.