జమ్లీ గంప, సారు చుక్క

తొలకరి పడి పుట్టల చుట్టూ నేల మెత్తబడిందంటే మోతె దగ్గరి తండాలో జమ్లీ కాలు ఇంట్లో నిలవదు. ముప్పై ఏళ్లుగా అదే తంతు. పొద్దెక్కేలోపు గంపెడు పుట్టగొడుగులు ఏరి, సూర్యాపేట మార్కెట్ ముందు మోదుగాకుల్లో పరిచి కూర్చుంటుంది. ఏది తినేదో, ఏది పారేసేదో అత్త భూలి చేయి పట్టుకుని నేర్పింది. వానాకాలమంతా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ గంపతోనే.

అలాంటి గంప మీద జగదీశ్ సారు చుక్క పడింది. ఈయన సూర్యాపేటలోనే ఓ ప్రైవేటు కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. చెప్పడమంటే పుస్తకం తెరిచి అప్పజెప్పడం. పుట్టగొడుగు ముక్క మీద ఒక రసాయనం చుక్క వేస్తే, అందులో కోస్తే నల్లబడేలా చేసే ఎంజైమ్ ఉంటే రంగు మారుతుంది. అది ఏ జాతిదో తేల్చుకోవడానికి అదొక ఆనవాలు, అంతే. ఆ అంతేతో ఈ మహానుభావుడికి తృప్తి ఎక్కడిది! జమ్లీ దగ్గర కొన్న ముక్క ఎర్రబడగానే, రంగు మారింది గనుక విషమని ఫోనులో వీడియో వదిలాడు. అందులో జమ్లీ ముఖం కూడా చూపించాడు, పుణ్యాత్ముడు.

మర్నాటి నుంచి ఆమె ఈగలు తోలుకుంటూ కూర్చుంది.

మూడో రోజు కొంగులో ఒక ఆలుగడ్డ కట్టుకుని నేరుగా కాలేజీకి పోయింది. కోసిపెట్టిన పుట్టగొడుగు నల్లబడ్డట్టే వంకాయా ఆలుగడ్డా నల్లబడతాయని, అందుకే నీళ్లలో వేస్తారని వంట చేసేవాళ్లందరికీ తెలుసు. ఈయనకు తెలియదు. వంటగది మొహం చూస్తే గదా! పిల్లలందరి ముందూ గడ్డ కోసి, దీని మీద కూడా చుక్క వేయమంది జమ్లీ. సారు నసిగాడు. హిమజ అనే విద్యార్థిని సీసా అందుకుని వేసింది. కాసేపటికి తెల్లటి ముక్క ఎర్రబడింది.

"మరి ఇది గూడ ఇసమేనా సారు?" అని అడిగింది జమ్లీ.

శాస్త్రం నీకు అర్థం కాదని సారు గొంతు సవరించుకున్నాడు. సాయంత్రానికి వీడియో మాయమైంది. తప్పైందన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. వీడియో తీసేస్తే ఊరి నోళ్లలోంచి పోతుందా? సూర్యాపేటలో కొనే దిక్కులేక జమ్లీ కోదాడ బస్సెక్కడం మొదలుపెట్టింది.

ఓ ఆదివారం కోదాడలో ఆమె గంప ముందు ఒక మనిషి వంగాడు. ముక్కు దాకా దస్తీ. తీరా చూస్తే జగదీశ్ సారే, సొంతూరు అదే. ఇంట్లో తినాలని ఉందట, రెండు పొట్లాలు కట్టమని మెల్లిగా అడిగాడు.

జమ్లీ గంప మీద గుడ్డ కప్పేసింది.

"నీకు అమ్మను సారు. సూర్యాపేట పోయి, నేను కూసున్న జాగల కూసోని, నువ్వు చెప్పింది తప్పని పదిమందికి చెప్పు. గప్పుడు రా, ఊకెనే ఇస్త."