ఉరుమికి ఆడిన ఏనుగు

కుంపిణీ దొరలు మదుర సీమలో కుదురుకుంటున్న ఆ రోజుల్లో మా పడుచువాళ్ళకు బుద్ధి కన్నా మీసం ముందు పెరిగేది. నాకు మరీ ముందు పెరిగింది. పాళెగారి ఏనుగుకు మావటిని నేను. దొరలు విడిదికి వచ్చినప్పుడల్లా దానిచేత ఆటాడించమని పాళెగారి ఉత్తరువు. నేనొక ఉపాయం పన్నాను. మా కంబళం కులంవాళ్ళు దేవర పండుగలో వాయించే ఉరుమి డోలును రప్పించి, దెబ్బ పడినప్పుడల్లా చిన్నమ్మి (ఏనుగు పేరే) కాలిగోళ్ళ సందున అంకుశంతో పొడిచాను. రెండు నెలలు తిరక్కుండా, పొడవకపోయినా ఉరుమి వింటే చాలు, కాళ్ళెత్తసాగింది. దొరసానులు చప్పట్లు కొట్టారు. నా గురుత్వానికి నేనే ముక్కున వేలేసుకున్నాను.

ఇంత గొప్పను మా అవ్వకు చూపించుకోవద్దా? వాడిపట్టి దగ్గర ఆమె ఊళ్ళో దేవర ఎడ్ల పండుగకు చిన్నమ్మిని తోలుకుపోయాను. దేవుడికి వదిలేసిన ఆ ఎడ్ల మెడకు కాడి తగలదు, ఒంటికి కర్ర తగలదు. ఆ మంద దగ్గరికి మేం చెప్పులతో కూడా పోము. (అలాంటి ఇంట పుట్టి అంకుశం పట్టానన్న సంగతి అప్పటికి నాకు తోచనే లేదు.) ఎడ్లను పిలవడానికి ఉరుమి మోగింది. వీధి నడుమ చిన్నమ్మి తనంతట తానే ఒక్కో కాలూ ఎత్తసాగింది. నేను అరుగు మీద మజ్జిగ తాగుతున్నాను.

“ఏనుగు మీదికే సామి వచ్చిండాది!” అని జనం చేతులు జోడించారు. నేను మీసం దువ్వుకున్నాను.

అవ్వ మాత్రం తిన్నగా వెళ్ళి, ఎత్తిన ఆ కాలి కింద కూర్చుని పైకి చూసింది.

“అవ్వా, తొక్కుతుంది! లే!” అని అరిచాను.

చిన్నమ్మి కాలు దించలేదు. ఉరుమి మోగుతూనే ఉంది. ఏనుగు ఒళ్ళంతా వణుకుతోంది, ఎత్తిన కాలు మాత్రం ఆ ముసలిదాని తల మీద జానెడు ఎత్తున అలాగే నిలిచింది. అంత పెద్ద ప్రాణం అంత జాగ్రత్తగా ఉండడం చూసి జనం జోడించిన చేతులు దించేశారు. ఉరుమి కూడా ఆగిపోయింది. అవ్వ లేచి పక్కకు జరిగాకే కాలు నేలకు దిగింది.

“ఏంరా, గోళ్ళ సందున ఇన్ని పుండ్లా?”

“ఆట నేర్పినా అవ్వా...”

“ఆటా? బయంరా ఇది! పావం, నోరు వాయిలేని ప్రాణం. నీ మొగానికి మీసమొకటి!” ఆమె ఉరుమివాళ్ళ వైపు తిరిగింది. “ఒరే, పాళెగారే పిలవనీ, ఇంక దీని ముందర మన ఉరుమి మోగకూడదు.”

వాళ్ళు దేవర మీద ఒట్టేశారు.

మళ్ళీ దొర వచ్చాడు. వాయించేవాడు లేడు. చిన్నమ్మి చెరకు నములుతూ నిలబడింది. “ఏం చేస్తోంది?” అన్నాడు దొర. “నిలబడింది దొరా” అన్నాను. పాళెగారు ఏనుగాట మాన్పించి, నన్ను గడ్డి మోసే పనికి దించారు.

రోజూ పుండ్లకు వేపనూనె రాయబోయేవాణ్ణి. నా చెయ్యి చూడగానే కాలు వెనక్కి తీసుకునేది. తీసుకోదూ మరి? నూనె గిన్నె అక్కడే పెట్టి దూరంగా కూర్చునేవాణ్ణి. అలా ఎన్ని నెలలో!

మరుసటి పండుగనాడు దూరాన ఎక్కడో ఉరుమి మోగింది. చిన్నమ్మి నమలడం మాని ఒక కాలెత్తింది. నేను గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఊపిరి బిగబట్టాను. చాలాసేపు చెవులాడించింది. మెల్లగా కాలు దించింది. మోపు సంగతి మరిచి నేనలాగే నిలబడిపోతే, అదే తొండం చాచి మోపు లాక్కుని తినసాగింది. తలపాగా ఊడి, నెత్తంతా గడ్డిపరకలతో ఏడుస్తూ నవ్విన ఆ పడుచువాణ్ణి తలచుకుంటే, ఈ ముసలివాడికి ఇప్పటికీ వాడి మీద కోపమూ, కొంచెం ముద్దూ.