బావ చేతిలో చుక్కాని

వాగులు పొంగి దారులు తెగాయంటే మహానది అవతల ఉన్న విశ్వాసులకి ఆరాధన లేదు. ఆరంగ్ దగ్గర వంతెన వచ్చాక ఆ చుట్టుపక్కల పడవలు కట్టడం మానేశారు. వంతెనకి దూరంగా ఉన్న ఊళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు. పలకల పడవ కట్టడం, తెరచాప ఎత్తడం తెలిసినవాడు ఇవతలి ఒడ్డున ఒక ముసలాయన మాత్రం మిగిలాడు. గుఢియారీ రైల్వే పేటలో మా తెలుగు సంఘం పాస్టరుగారు ఎనభైల్లో ఒక ఎండాకాలం, ఆయన దగ్గర ఆ పని నేర్చుకుందాం రండి అని పిలిచారు. ఆదివారం ఆరాధన అవగానే లారీ ఎక్కేవాళ్ళం. ఒడ్డునున్న ఊరివాళ్ళు కూడా మాతో కలిసేవారు.

నేను రైల్వే వ్యాగన్ల షాపులో వడ్రంగిని. నేను కలిపిన పలకల మధ్య వెంట్రుక దూరదని పేరు. ఆదివారం బడిలో పిల్లలకి వాక్యం చెప్పేది కూడా నేనే. మొదటి పడవ చుక్కాని నాదే అనుకున్నాను. అవతలి ఒడ్డున అందరూ పాడుతూ ఎదురొస్తుంటే చుక్కాని పట్టుకుని చేరేది నేనే కావాలని మోకాళ్ళ మీద ప్రభువుని అడిగాను కూడా.

మా బావ, అంటే అక్క భర్త, గూడ్స్ ఆఫీసులో గుమాస్తా. క్రిస్మస్‌కి తప్ప గుడి ముఖం చూసేవాడు కాదు. నా అన్నం క్యారియరు ఇచ్చి రమ్మని అక్క పంపితే వచ్చాడు, వచ్చినవాడు ఉండిపోయాడు. ఉలి పట్టడం రాదు కానీ నవ్వించడం వచ్చు. ముసలాయన అతన్ని ‘దమాద్ బాబూ’ అని, సొంత ఇంటి అల్లుణ్ణి పిలిచినట్టు పిలిచేవాడు. నన్ను మాత్రం షాపులో అందరిలాగే ‘మిస్త్రీ’ అనేవాడు.

పడవ ఎడమ పక్క మా వడ్రంగులకి, కుడి పక్క బావకీ ఊరివాళ్ళకీ వచ్చింది. పలకకీ పలకకీ మధ్య సన్నటి సందు వదలమన్నాడు ముసలాయన. నూలు పేలికని గుగ్గిలం, నూనె కలిపిన ముద్దలో ముంచి ఆ సందులో కూరాలట. చిత్రిక పట్టడం రానివాళ్ళ కోసం చెబుతున్నాడనుకున్నాను. వ్యాగన్‌లో సందు ఉంటే ధాన్యం కారిపోతుంది. ఏళ్ళ తరబడి సందులు మూసిన చెయ్యి నాది, వదలమంటే వదల్లేదు.

“ఏటి బావా, నీ సందుల్లోంచి ఒరిస్సా కనిపిస్తోంది!” అన్నాను.

“చూసుకోరా బామ్మర్దీ, టికెట్టు అడగన్లే” అన్నాడు.

అందరూ నవ్వారు. నా మాటకి ఒక్కడూ నవ్వలేదు, అతని మాటకే నవ్వారు. నేను చిత్రిక పడుతున్నంతసేపూ అతను ముసలాయనతో పాత దోనెలో తిరుగుతూ చుక్కాని తిప్పడం నేర్చేసుకున్నాడు.

తొలి వానలకి నది పెరిగింది. చెక్క నానాలని పడవని నీళ్ళలో దింపి ఒడ్డుకి కట్టి వెళ్ళాం. మళ్ళీ ఆదివారం వచ్చి చూస్తే కుడి పక్క ఎక్కడా చెమ్మ లేదు. నా పక్క పలకలు ఉబ్బి, ఒకదాన్నొకటి నెట్టుకుని, ఒక పలక మేకులతో సహా పైకి లేచి ఉంది.

“చెక్క నీళ్ళు తాగితే లావెక్కుతుంది కదా మిస్త్రీ, దానికి చోటెక్కడ పెట్టావు?” అన్నాడు ముసలాయన. పలకని దిగ్గొట్టి, అంచు చెక్కి, గుగ్గిలం కూరాడు. అయినా ఊట ఆగలేదు. చుక్కాని బావకిచ్చాడు. నా చేతికి ఖాళీ నూనె డబ్బా ఇచ్చాడు, నీళ్ళు తోడమని.

దుప్పట్లు కలిపి అక్క కుట్టిన తెరచాప గాలికి నిండింది. బావ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో నిలబడ్డాడు. నేను అతని కాళ్ళ దగ్గర కూర్చుని తోడుతున్నాను. బైబిల్లో, తప్పిపోయి తిరిగొచ్చిన తమ్ముడికి తండ్రి విందు చేస్తుంటే కోపంతో ఇంటి బయటే నిలబడిపోయిన అన్న గురించి పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ లోపల నేను ఆ అన్న పక్షమే.

నది మధ్యలో బావ నా వైపు వంగి, “రారా, నువ్వు పట్టు. పొద్దున్నించీ నీ కళ్ళు దీని మీదే ఉన్నాయి” అన్నాడు.

పిలిచినందుకు కాదు, కనిపెట్టినందుకు మండింది నాకు. అయినా లేచి పట్టుకున్నాను. అతను ప్యాంటు మడుచుకుని నా చోట కూర్చున్నాడు. మురికినీళ్ళు తెల్లచొక్కా మీద చిందుతుంటే తోడుతూ పోయాడు.

వాగులు పొంగకముందే వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళిన పాస్టరుగారు అవతలి ఒడ్డున అందరితో ఎదురొచ్చారు. నేను కోరుకున్నట్టే పాడుతున్నారు. నేను కోరుకున్నట్టే చుక్కాని నా చేతిలో ఉంది. వాళ్ళంతా నన్ను దాటుకుని బావ దగ్గరికి వెళ్ళారు. ఒకావిడ కొంగుతో అతని ముఖం తుడిచింది. పాస్టరుగారు అతని తడి భుజం మీద చెయ్యి వేసి, “ప్రభువా, తగ్గించుకున్న ఈ సహోదరుని బట్టి నీకు స్తోత్రం” అని ప్రార్థన మొదలుపెట్టారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. బావ కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు, నిజంగానే ప్రార్థిస్తున్నాడు. ఆమేన్ అందరికంటే గట్టిగా అన్నాను.